కోలగుంట కొలత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విషయమును నా యిష్టమునకే విడిచిరి. నేను జీవితమంతయు బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాడను. కవిత్వమును గూర్చియో, చరిత్రను గూర్చియో ఉపన్యసించు శక్తి నాకు లేదు. కావున లెక్కలలోని ఒక చిన్న విషయమునే మీ ముందుంచుచున్నాను. కోలగా సాగిన గుండ్రని ఆకృతికి వైశాల్యమును ఎట్లు కట్టవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము. ఇది వినగానే పిల్లలు పరీక్షలను తలచుకొని భయపడనక్కరలేదు. ఈ లెక్క తప్పుటవలన కూలివాని కంచములో అన్నము తరుగుటను నేను స్వయముగా చూచితిని. ఆ వృత్తాంతముతోనే ప్రారంభించెదను.

సుమారు 40 ఏండ్ల క్రిందట నేను క్రొత్తగా ఉద్యోగములో చేరి ఒక పల్లెలో పనిచేయుచుంటిని. ఆ వేసవిలో ఊరివారు మంచినీటి గుంటను త్రవ్వించిరి. రెండు చింతతోపుల నడుమనున్న పొడవైన స్థలమది. మూలలున్నచో గట్టు జారునని తలచి, పెద్దలు గుంటను కోలగా త్రవ్వింప నిశ్చయించిరి. తోటపనిలో ఆరితేరిన వృద్ధుడొకడు హద్దు గీచెను. అతడు రెండు మేకులు పాతి, ఒక త్రాటి కొనలు రెండును ముడివైచి, ఆ త్రాటిని మేకుల చుట్టు వదులుగా వేసెను. ఒక కఱ్ఱతో త్రాటిని బిగువుగా లాగి పట్టుకొని చుట్టును తిరిగివచ్చెను. కఱ్ఱ గీచిన గీత చక్కని కోలవలయమయ్యెను. దాని నిడివి 70 గజములు, నడుమ వెడల్పు 44 గజములు. గుంటను అంతటను ఒక గజము లోతున, అంచులు నిలువుగా త్రవ్వవలెనని ఒప్పందము. ఘనగజమునకు ఇంత అని కూలి.

పని ముగిసినది. మేస్త్రి వచ్చి అంచు వెంబడి త్రాడు పట్టి కొలిచెను. చుట్టుకొలత 181 గజములు వచ్చినది. అందులో నాలుగవ పాలు 45 గజముల పావు. దానిని దానితోనే గుణించి, గుంట వైశాల్యము 2,048 చదరపు గజములని తేల్చెను. త్రవ్వినవారు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. వారిలో ఒక వృద్ధురాలు నా కడకు వచ్చి, “మాస్టారూ, మేం తవ్విన మన్ను అంతకంటే ఎక్కువేనండి. తట్టలు మోసిన తలకి తెలియదా బాబూ! మీరు కాస్త లెక్క చూసిపెట్టండి” అని అడిగెను.

నాకు సూత్రము తెలియును. సగము నిడివిని సగము వెడల్పుచే గుణించి, దానిని 22 బై 7చే గుణింపవలెను. 35ను 22చే గుణింప 770. దానిని 22 బై 7చే గుణింప 2,420. మేస్త్రి లెక్కకును నా లెక్కకును 372 చదరపు గజముల భేదము వచ్చినది. అనగా రావలసిన ప్రతి 20 రూపాయల కూలిలో 3 రూపాయలు పోవుచున్నవన్నమాట.

ఈ మాట మేస్త్రితో చెప్పితిని. అతడు కోపపడలేదు. “మీ లెక్క ఎక్కడిదండీ?” అనెను. పుస్తకములో నున్నదంటిని. “నాది మా నాయన నేర్పిన లెక్క. ఇన్నేళ్లుగా దీంతోనే కొలుస్తున్నాం. మీది ఎందుకు నిజమో, మాది ఎందుకు అబద్ధమో చెప్పండి, ఇప్పుడే ఒప్పుకుంటాను” అనెను. నేను నోరు మెదపలేకపోతిని. సూత్రము కంఠస్థమే గాని, దాని కారణమును నేను ఎన్నడును విచారించి యుండలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆనాడు మేస్త్రి అడిగిన రెండు ప్రశ్నలకు సమాధానములే నా నేటి ప్రసంగము.

మొదటిది, మేస్త్రి లెక్క ఏల తప్పినది? అతడు మోసగాడు కాడు. చతురస్రమునకు ఆ లెక్క సత్యమే. ప్రక్క 10 గజములుగా గల చతురస్రమునకు చుట్టుకొలత 40. అందులో నాలుగవ పాలు 10. 10ని 10చే గుణింప 100. సరిపోయినది. చతురస్రమునకు పుట్టిన లెక్కను అన్ని ఆకృతులకును అన్వయించుటయే తప్పు. అదే 40 గజముల త్రాటితో 19 గజముల నిడివి, ఒక్క గజము వెడల్పు గల కాలువను చుట్టవచ్చును. దాని వైశాల్యము 19 చదరపు గజములు మాత్రమే. అదే త్రాటిని వృత్తముగా పరచినచో లోపలి నేల సుమారు 127 చదరపు గజములగును. మేస్త్రి లెక్కలో ఈ రెండును 100 చదరపు గజములే! త్రాడు ఒక్కటియే, అది చుట్టిన నేల మాత్రము 19 నుండి 127 వరకు మారినది. కావున చుట్టుకొలత ఒక్కదానిని బట్టి వైశాల్యమును నిర్ణయించుట సాధ్యము కాదు. ఈ లెక్కవలన సన్నని కాలువ త్రవ్వించిన యజమాని నష్టపోవును. గుండ్రని గుంట త్రవ్విన కూలివాడు నష్టపోవును.

ఇక రెండవ ప్రశ్న. పుస్తకములోని సూత్రము ఏల సత్యము? ఇది వరినాట్లు వేసినవారికి సులభముగా బోధపడును. 70 గజముల వ్యాసము గల గుండ్రని మడి యొకటి యున్నదనుకొనుడు. వృత్తమునకు వైశాల్యము, వ్యాసార్ధమును దానితోనే గుణించి 22 బై 7చే గుణింపగా వచ్చును. అది ఇచ్చట 3,850 చదరపు గజములు. ఆ మడిలో ఒక వ్యాసమునకు అడ్డముగా వరుసలు వరుసలుగా నాట్లు వేసితిమి. నట్టనడిమి వరుస 70 గజములుండును. కొనలకు పోవుకొలది వరుసలు కురుచయగును. ఇప్పుడు ప్రతి వరుసను దాని నడిమి స్థానము చెదరకుండ ఒకే నిష్పత్తిలో, 70కి 44 చొప్పున, కురుచ చేయుదము. నడిమి వరుస 44 గజములగును. తక్కినవియు అదే పాలున తగ్గును. వరుసల సంఖ్య మారలేదు; వరుసకు వరుసకు నడుమ నెడము మారలేదు. అట్లైనచో మొత్తము నాటిన నేలయు అదే పాలున తగ్గవలెను గదా! 3,850ని 44చే గుణించి 70చే భాగింప 2,420 వచ్చుచున్నది.

వృత్తమును ఇట్లు ఒక దిక్కున ఒకే నిష్పత్తిలో నొక్కగా ఏర్పడు ఆకృతినే దీర్ఘవృత్తమందురు. తోటమాలి రెండు మేకులతో, త్రాటితో గీచిన వలయమును ఇదియేనని రేఖాగణితము నిరూపించుచున్నది. ఆ మేకులున్న చోటులకు నాభులని పేరు. ఊరి లెక్కకు అనువుగా ఈ సూత్రమును మరియొక విధమున చెప్పవచ్చును. నిడివిని వెడల్పుచే గుణించి, వచ్చిన దానిని 11చే గుణించి, 14చే భాగింపవలెను. 70ని 44చే గుణింప 3,080. దానిని 11చే గుణింప 33,880. 14చే భాగింప 2,420. ఎకరమునకు 4,840 చదరపు గజములు గనుక మన గుంట సరిగా అర ఎకరము, అనగా 50 సెంట్లు. 22 బై 7 అనునది సుమారు విలువయే యైనను, దానివలన ఇంత గుంటలో కలుగు భేదము ఒక చదరపు గజమునకు మించదు.

ఈ సత్యమును క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున, సిసిలీ ద్వీపమునందలి సిరక్యూసు నగరవాసియగు ఆర్కిమిడీసు నిరూపించెను. దీర్ఘవృత్తమునకును, దాని నిడివి వ్యాసముగా గల వృత్తమునకును గల నిష్పత్తి, వెడల్పునకును నిడివికిని గల నిష్పత్తియే యని అతడు చూపెను. మనము వరినాట్లతో చెప్పుకొన్నది ఆ సిద్ధాంతమే.

మన దేశమున ఈ ఆకృతిని గూర్చి విచారించిన వారిలో మహావీరాచార్యుడు ముఖ్యుడు. ఈయన 9వ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమువాడు. ఈయన రచించిన ‘గణితసారసంగ్రహము’నే పావులూరి మల్లన తెనుగున పద్యరూపమున అనువదించెను. సంస్కృత మూలమును 1912లో మదరాసులో ఎం. రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. మహావీరుడు దీర్ఘవృత్తమును ఆయతవృత్తమనెను. వెడల్పు వర్గమును 6చే గుణించి, నిడివికి రెట్టింపైన సంఖ్య వర్గమును దానికి కలిపి, వర్గమూలము తీసినచో చుట్టుకొలత వచ్చుననియు, దానిని వెడల్పులో నాలుగవ పాలుచే గుణించినచో వైశాల్యము వచ్చుననియు చెప్పెను.

నిడివి 36, వెడల్పు 12 గల ఆకృతికి ఈ లెక్క వేసి చూతము. చుట్టుకొలత 77.8 వచ్చును. సత్యమైన విలువ 80.2. ఆ కాలమునకు ఇది కడు మెచ్చదగిన ఫలితము. కాని వైశాల్యము 233 వచ్చుచున్నది. సత్యమైనది 339! దాదాపు మూడవ పాలు తరిగిపోయినది. ఇంతటి ఆచార్యుని లెక్క ఏల తప్పినది? వృత్తమునకు చుట్టుకొలతను వ్యాసములో నాలుగవ పాలుచే గుణించినచో వైశాల్యము నిక్కముగా వచ్చును. వృత్తమునకు సత్యమైన ఆ సూత్రమునే ఆయన సాగిన వలయమునకును అన్వయించినట్లు తోచుచున్నది. మా మేస్త్రి చేసిన పనియు ఇటువంటిదియే గదా! ఇది చెప్పుట ఆ మహానుభావుని తక్కువ చేయుటకు కాదు. పెద్దల మాటయైనను, అచ్చుపుస్తకములోని మాటయైనను, కారణము తెలిసికొనిన పిదపనే మనదగునని చెప్పుటకు మాత్రమే.

ఇందు మరియొక వింత కలదు. దీర్ఘవృత్తము విషయమున వైశాల్యము సులభము, చుట్టుకొలతయే కష్టము. వైశాల్యమునకు ఒక్క గుణకారముతో పని తీరును. చుట్టుకొలతకు అట్టి చిన్న సూత్రము లేదు. సుప్రసిద్ధ గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1914లో ప్రకటించిన వ్యాసమున దీనికి ఇచ్చినవి సుమారు సూత్రములే. కాని అవి సత్యమునకు ఎంత దగ్గరవో చూచి గణితజ్ఞులు నేటికిని ఆశ్చర్యపడుచున్నారు. వానిలో నొకదాని ప్రకారము మన గుంట చుట్టుకొలత 181.4 గజములు. అనగా మేస్త్రి త్రాడు సరిగనే కొలిచినది! త్రాటిలో తప్పు లేదు; త్రాటినుండి వైశాల్యమునకు వేసిన అడుగులో తప్పున్నది.

ఇంతవరకు విని, కోలగా నున్న ప్రతి గుంటకును 11చే గుణించి 14చే భాగింతమని మీరనుకొనవచ్చును. అదియు పొరపాటే. ప్రతి అండాకృతియు దీర్ఘవృత్తము కాదు. కోడిగ్రుడ్డునే చూడుడు. ఒక కొన మొద్దుగా, ఒక కొన సన్నగా నుండును. మరి కొన్ని వలయములకు అంచులు నడుమ తిన్నగా నుండి కొనలు మాత్రము అర్ధవృత్తములుగా నుండును. అట్టి ఆకృతి యొకటి 40 గజముల నిడివి, 30 గజముల వెడల్పు కలదనుకొనుడు. నడిమి దీర్ఘచతురస్రము 300, రెండు అర్ధవృత్తములు కలిసి 707, మొత్తము 1,007 చదరపు గజములు. అదే నిడివి, అదే వెడల్పు గల దీర్ఘవృత్తము 943 మాత్రమే. కంటికి రెండును కోలగానే యుండును. సూత్రము ఒక్కదానికే చెల్లును.

ఈ భేదము ఎంతటివానినైనను చిక్కులబెట్టునని చెప్పుటకు కెప్లరు చరిత్రయే చాలును. టైకో బ్రాహి ఏండ్ల తరబడి వ్రాసియుంచిన గ్రహవేధలను చేతబట్టి, అంగారక గ్రహము సూర్యుని చుట్టు తిరుగు మార్గమును తెలిసికొనుటకు అతడు పూనుకొనెను. వృత్తము సరిపోలేదు. పిమ్మట గ్రుడ్డువంటి ఆకృతిని భావించెను. గ్రహము సూర్యుని చుట్టు తిరుగుచు సమానకాలములలో సమాన వైశాల్యములను చుట్టుచున్నదని అతని ఊహ. దానిని పరీక్షించుటకు ఆ గ్రుడ్డు ఆకృతిలోని భాగముల వైశాల్యము కావలెను. అది లొంగలేదు. సాయముకొరకు దీర్ఘవృత్తమును వాడుకొనుచునే, అదియే అసలు మార్గమని చాలకాలము గ్రహింపలేకపోయెను. తుదకు సత్యము తెలిసి 1609లో తన గ్రంథమున ప్రకటించెను. 1615లో అతడే ద్రాక్షాసారాయపు పీపాల కొలతను గూర్చి మరియొక గ్రంథము వ్రాసి, ఆకృతులను సన్నని ముక్కలుగా భావించి లెక్కకట్టు మార్గమును చూపెను.

మరి మన ఊరి గుంట దీర్ఘవృత్తమగునా కాదా అని తెలియుటెట్లు? చిన్న పరీక్ష కలదు. గుంట నడిబొడ్డునుండి కొనవైపు నడచి, సరిగా సగము దూరమున ఆగి, అచ్చటి అడ్డుకొలత తీయవలెను. దీర్ఘవృత్తమైనచో అది నడిమి వెడల్పులో 15కి 13 పాళ్లుండును. నడుమ 44 గజములైనచో అచ్చట సుమారు 38 గజములు. రెండవ కొనవైపునను అంతియే రావలెను. భేదము కనబడినచో సూత్రమును విడిచివేయవలెను. సరిపోయినచో ఇంకను రెండు మూడు చోట్ల కొలిచి ధైర్యముగా వాడవచ్చును.

సూత్రము చెల్లనిచోట ఏమి చేయవలెను? ముక్కలుగా కోసి కొలువవలెను. నిడివిని సమానమైన పట్టీలుగా విభజించి, ప్రతి పట్టీకి నడుమ అడ్డుకొలత తీసి, వానినన్నింటిని కూడి, పట్టీ వెడల్పుచే గుణించినచో వైశాల్యము వచ్చును. పట్టీలు ఎంత సన్ననివైన లెక్క అంత నిక్కమగును. ఇది గ్రుడ్డునకు చెల్లును, వంకరతిరిగిన చెరువునకు చెల్లును, చింతాకునకును చెల్లును.

ఆనాటి కథకు వత్తును. మరునాటి ఉదయము మేస్త్రిని గుంట కడకు పిలిచి, 40 గజముల త్రాటితో కాలువను, వృత్తమును పరచి చూపితిని. అతడు ఆలోచనలో పడెను. “సరే, నాది తప్పే అనుకుందాం. మీదే నిజమని ఏమిటి?” అనెను. అప్పుడు గుంటను నిడివిలో 5 గజముల చొప్పున 14 పట్టీలుగా గుర్తించితిమి. త్రాడు ఒక కొన మేస్త్రియే పట్టెను. రెండవ కొనను త్రవ్వినవారు పట్టిరి. ప్రతి పట్టీకి నడుమ అడ్డుకొలత తీసి, అందరును వినునట్లు చదివితిమి. మొత్తము 487 గజములు. 5చే గుణింప 2,435 చదరపు గజములు.

“మీ లెక్కకంటే 15 ఎక్కువొచ్చిందే!” అని మేస్త్రి ఆశ్చర్యపడెను. వంపుగానున్న అంచును మెట్లుమెట్లుగా తీసికొనుటచే కొంచెము హెచ్చు వచ్చినదనియు, పట్టీలు ఇంకను సన్ననివైనచో అది 2,420కి దిగివచ్చుననియు చెప్పితిని. మేస్త్రి ఒక నిమిషము ఊరకుండి, “తాడు నాది, పట్టింది నేను. ఇక కాదనడానికేముంది మాస్టారూ!” అనెను. కూలి 2,420కే కట్టబడినది. ఆ వృద్ధురాలు మాత్రము, “ముక్కముక్కా కొలిస్తే లెక్క దాక్కోదు బాబూ” అని తట్ట నెత్తికెత్తుకొని వెడలిపోయెను. నేను చదివిన గణితగ్రంథములలో ఈ పద్ధతిని ఇంతకంటె చక్కగా చెప్పిన వాక్యము లేదు.

నేడు కాలము మారినది. చేతిలోని ఫోనే పొలము చుట్టును గుర్తులు పెట్టించుకొని వైశాల్యమును క్షణములో చెప్పుచున్నది. ఇక ఈ విచారణ ఏల యని యువకులు అడుగవచ్చును. ఫోను మనము పెట్టిన గుర్తులను తిన్నని గీతలతో కలిపి, లోపలి నేలను మాత్రమే లెక్కించును. మన గుంటకు నాలుగు కొనలయందు మాత్రమే గుర్తులు పెట్టినచో అది చెప్పునది 1,540 చదరపు గజములే. మేస్త్రి లెక్కకంటెను అన్యాయము! అంచు వెంబడి గుర్తులు దగ్గరదగ్గరగా పెట్టినచో సత్యమునకు చేరువయగును. యంత్రము మారినను మనిషి తెలిసికొనవలసినది మారలేదు.

సోదరులారా! ఆ పల్లెలో గ్రంథాలయము లేదు. ఉండినచో నేను ఆ రాత్రియే పుస్తకము తీసి కారణమును చదివియుందును. కాని పుస్తకము ఒక్కటియే యున్నను పని తీరియుండెడిది కాదు. మేస్త్రిని ఒప్పించినది అతని త్రాడే. పుస్తకము, త్రాడు, ఈ రెండును కలిసిననాడే కూలివానికి న్యాయము జరిగినది. కావున కార్యవర్గమువారికి నా విన్నపమొకటి. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా గ్రంథాలయమున పుస్తకముల ప్రక్కనే ఒక మంచి కొలత టేపును కూడ ఉంచుడు. ఎవరి పొలమునకు, ఎవరి గుంటకు కావలసినను పుస్తకము వలెనే ఎరువిచ్చి మరల తీసికొనుడు. వచ్చు వేసవిలో పిల్లలను వెంటబెట్టుకొని మన ఊరి చెరువును పట్టీలు పట్టీలుగా కొలిపింపుడు. వచ్చిన లెక్కను గోడపై వ్రాయించుడు. తప్పున్నచో దిద్దుటకు ఊరంతయు నున్నది.

 ఈ గ్రంథాలయము ఇట్టి ఉత్సవములు మరెన్నో చూచుగాక!